చలికాలపు మేర: పండగ రోజుల్లో హైదరాబాద్‌లో ఇవ్వడం ఎలా

నాలుగేళ్ల కిందట డిసెంబరు 31 రాత్రి మా అపార్ట్‌మెంట్ వాళ్లం ఐదుగురం ఒక పెద్ద సర్కారు దవాఖానా గేటు దగ్గరికి రగ్గులు పంచడానికి వెళ్లాం. కారు డిక్కీలో నలభై రగ్గులు. ఫుట్‌పాత్ మీద గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దావిడ చేతిలో మొదటిది పెట్టబోతే ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది. "ఇది మూడోది బిడ్డా. ఒకటి కింద పర్సుకున్న, ఒకటి కప్పుకున్న. ఉడుకు నీళ్లు యాడనన్న దొర్కుతయా?" కోడలు కాన్పుకని లోపల ఉంది. మా దగ్గర నలభై రగ్గులున్నాయి, గ్లాసుడు వేణ్నీళ్లు లేవు.

ఆ రాత్రి తర్వాత మా పద్ధతి మార్చుకున్నాం. ఈ సీజన్‌లో ఎవరికైనా ఏదైనా ఇవ్వాలని మీకూ ఉంటే, మేం చేతులు కాల్చుకుని నేర్చుకున్నది మీకు పనికొస్తుంది.

ముందు కొలత

డిసెంబరు 16 దగ్గర ధనుర్మాసం మొదలవుతుంది, సంక్రాంతికి ముగుస్తుంది. క్రిస్మస్, జనవరి ఒకటి ఈ నెల కడుపులోనే వస్తాయి. ఊళ్లలో పంట ఇంటికి చేరే రోజులు కూడా ఇవే. వడ్లు బస్తాలకెత్తకముందే కళ్లం దగ్గర చాకలికి, మంగలికి, కమ్మరికి, కుమ్మరికి, నీరటికాడికి మేర కొలిచేవాళ్లు. అది ఏడాదంతా చేసిన పనికి వాళ్ల వాటా. దాన్ని దానమని ఎవరూ అనేవాళ్లు కాదు. కొలత తగ్గితే గొడవ పెట్టుకునే హక్కు కూడా వాళ్లకుండేది. ఆ ఏర్పాటులో కులం పేరుతో జరిగిన అన్యాయం చాలా ఉంది, దాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. నాకు నచ్చింది ఒక్కటే: ఇచ్చేవాడి మూడ్ ఎలా ఉన్నా మేర మారదు.

మన చుట్టుపక్కల ఇళ్లలో చూసినా ఇదే. చర్చికి వెళ్లేవాళ్లు దశమ భాగం అంటారు, రాబడిలో పదో వంతు. ముస్లింల జకాత్ ఒక పరిమితి దాటి ఏడాదిపాటు దగ్గరున్న సొమ్ము మీద రెండున్నర శాతం. లెక్కలు వేరైనా పద్ధతి ఒకటే. ఎదుటివాళ్ల కన్నీళ్లు చూశాక కాకుండా ముందే అంకె వేసుకుంటారు.

కాబట్టి నవంబరు జీతం పడగానే కూర్చుని ఒక అంకె రాసుకోండి. ఎంత అన్నది మీ ఇష్టం. మేమైతే డిసెంబరు, జనవరి నెలల్లో పండగ ఖర్చు ఎంతవుతుందో లెక్కేసి అందులో నాలుగో వంతు పక్కన పెడుతున్నాం. ఆ డబ్బు వేరే ఖాతాలోనో, కనీసం వేరే కవర్లోనో ఉంచండి. అలా ఉంచకపోతే కేకులకీ కొత్త బట్టలకీ కరిగిపోతుంది. మాకు మొదటేడాది అదే జరిగింది.

మొదటి మేర మీ సెల్లార్‌లోనే

రగ్గులు పట్టుకుని అఫ్జల్‌గంజ్ దాకా పోయే ముందు లిఫ్టు దిగి సెల్లార్‌లోకి చూడండి. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఏదైనా తీసుకోండి, కింద ఒక చిన్న గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. తెల్లవారుజామున మోటారు వేసేది, కార్లు తుడిచేది, రాత్రి పదకొండుకు మీ పార్సిల్ తీసుకునేది వాళ్లే. సెల్లార్ నేల జనవరిలో ఎంత చల్లగా ఉంటుందో ఒకసారి చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. వాళ్లకు రగ్గు ఒక్కటే సరిపోదు. మడత మంచమో, మందపాటి పరుపో ఇవ్వండి. గది తలుపు కింద సందు ఉంటే కార్పెంటర్‌ను పిలిచి మూయించండి. చలికని బొగ్గుల కుంపటి మాత్రం ఇవ్వకండి. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దానికి వాసన ఉండదు కాబట్టి నిద్రలో తెలియను కూడా తెలియదు.

అన్నింటికంటే పెద్ద కానుక సెలవు. సంక్రాంతికి సగం హైదరాబాద్ ఊరెళ్లిపోతుంది. ఆ ఖాళీ బిల్డింగులకు కాపలాగా మిగిలేది వాచ్‌మన్. పండగకు ఇంటికి పోవాలని అతనికీ ఉంటుంది. మా దగ్గర ఇప్పుడు భోగి నుంచి కనుమ దాకా ఊరెళ్లని ఇళ్లవాళ్లం వంతులు వేసుకుంటున్నాం. మోటారు, గేటు, చెత్త అన్నీ మేమే చూసుకుంటాం. మొదటేడాది మూడో అంతస్తు అంకుల్ మోటారు కట్టేయడం మర్చిపోయి ట్యాంకు పొంగి మెట్లన్నీ జలపాతమయ్యాయి. అయినా ఆ పద్ధతి మానలేదు.

ఇంట్లో పనిచేసే ఆమెకు పండగ డబ్బు భోగి నాడు ఇస్తే ఏం లాభం? జనవరి మొదటి వారంలోనే చేతిలో పెట్టండి. పిల్లలకు బట్టలు కొనుక్కోవాలి, ఊరెళ్లే ఏర్పాట్లు చూసుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కాబట్టి ఆమె ప్రయాణానికి ఇబ్బంది లేదు. భర్తకూ, పెద్ద కొడుక్కీ మాత్రం ఛార్జీ కావాలి, పండగ స్పెషల్ అయితే మామూలు కంటే ఎక్కువే. ఎంతివ్వాలని అడుగుతారా? ఊరెళ్లిన రోజులకు జీతం కోయకుండా, పైన సగం నెల జీతం. అంతకంటే ఎక్కువ ఇవ్వగలిగితే మంచిదే. పాత చీర ఇచ్చి దాన్ని పండగ బోనస్ కింద లెక్క రాసుకోవద్దు.

పొద్దున్నే రోడ్లు ఊడ్చేవాళ్లను, చెత్త ఆటో తీసుకొచ్చేవాళ్లను కూడా ఈ లెక్కలో వేయండి. వాళ్ల పని మొదలయ్యేది చలి గట్టిగా ఉన్నప్పుడే. చెవులు కప్పే టోపీ, సాక్సులు, ఒక ఫుల్ స్వెట్టర్ ఇవ్వండి. సైజు అడిగి కొనండి.

రగ్గులు పంచాలనుకుంటే

పంచొద్దని చెప్పను. డిసెంబరు, జనవరి రాత్రుళ్లలో ఇక్కడ 12, 13 డిగ్రీలకు పడిపోవడం మామూలే. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని రాత్రులు పది లోపలికి కూడా దిగుతుంది. ఉత్తరాదివాళ్లు మన చలిని చూసి నవ్వుతారు కానీ సిమెంటు మీద పడుకునేవాడికి 12 డిగ్రీలు నవ్వులాట కాదు.

ముందు తేదీ మార్చండి. అందరూ డిసెంబరు 31, జనవరి 1 పట్టుకుంటారు, లేదంటే నాయకుడి పుట్టినరోజు. ఆ రెండు రోజులూ ఒకే ఫుట్‌పాత్ మీద నాలుగు బృందాలు తిరుగుతాయి. చలి మొదలయ్యేది అంతకు ముందే. డిసెంబరు మొదటి వారంలో వెళ్లిన రగ్గు నెలన్నర పనిచేస్తుంది.

తర్వాత సరుకు. బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా కొంటే చవక. "పంచడానికా, వాడుకోవడానికా?" అని దుకాణదారు అడిగితే వాడుకోవడానికే అనండి. పంచడానికి అన్నామంటే పల్చటి, బూడిదరంగు, ఒక్క ఉతుకుకు పీచుపీచయ్యే రకం తీసి చూపిస్తాడు. రగ్గును వెలుగుకు ఎత్తి పట్టండి. అవతల మనిషి కనిపిస్తే పక్కన పెట్టేయండి. నలభై పల్చటివి కొనే డబ్బుతో పదిహేను మందపాటివి కొనండి. రంగు ముదురుగా ఉండాలి, ఫుట్‌పాత్ మీద ఉతికే వీలుండదు కదా.

చాలామంది మర్చిపోయేది కిందనుంచి వచ్చే చలి. ఒంట్లో వేడిని నేల లాగేస్తుంది. పైన ఎన్ని కప్పుకున్నా కింద ఏమీ లేకపోతే నిద్ర పట్టదు. అప్పటికే రెండు రగ్గులున్న ఆ పెద్దావిడ ఒకటి కింద పరుచుకున్నది అందుకే. కాబట్టి ప్రతి రగ్గుతో ఒక ప్లాస్టిక్ చాపో, పట్టా ముక్కో జత చేయండి. ఇంకో చిన్న వస్తువు, గట్టి సంచి. రోడ్డు మీద ఉండేవాళ్లకు పగలు రగ్గు దాచుకునే చోటు ఉండదు. చెట్టు మీదో, డివైడర్ సందులోనో పెడతారు, పొద్దున ఊడ్చేటప్పుడు అది చెత్తతో పాటు పోతుంది. తాళ్లున్న సంచి ఉంటే భుజాన వేసుకుంటారు.

ఎక్కడికి వెళ్లాలి? సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల బయట, ఇమ్లీబన్ బస్టాండ్ పరిసరాలు, ఫ్లైఓవర్ల కింద. ఒకరోజు ముందు చేతులూపుకుంటూ వెళ్లి ఎంతమంది ఉన్నారో, ఎవరికి ఏం లేదో చూసి రండి. ఆ పరిసరాల్లో జీహెచ్‌ఎంసీ నైట్ షెల్టర్ ఎక్కడుందో కూడా తెలుసుకుని వెళ్లండి. కొందరికి రగ్గు కంటే ఆ దారి చూపించడమే మేలు. అందరూ రారు. షెల్టర్‌లో కుక్కను రానివ్వరని, సామాను పోతుందని భయపడేవాళ్లు ఉంటారు. వాళ్లతో వాదించవద్దు. ఎవరైనా చలికి స్పృహ లేకుండా పడి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది కూడా మన హైదరాబాద్‌లోనే. దిక్కులేని ముసలివాళ్లు కనిపిస్తే 14567, వృద్ధుల హెల్ప్‌లైన్.

నిద్రపోతున్న మనిషి మీద రగ్గు కప్పి ఫొటో తీసుకోవడం ఒక ఫ్యాషనైంది. మన పడగ్గదిలోకి ఎవరో వచ్చి ఫ్లాష్ కొడితే ఊరుకుంటామా? వాళ్ల పడగ్గది అదే.

దవాఖానా గేటు

ఇది వేరే లోకం, అందుకే విడిగా చెబుతున్నాను. ఉస్మానియా, గాంధీ, రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్, పంజాగుట్ట నిమ్స్. వీటి చుట్టూ రాత్రి కనిపించేవాళ్లలో ఎక్కువమంది బిచ్చగాళ్లు కారు. పాలమూరు నుంచో, ఆదిలాబాద్ నుంచో, పక్క రాష్ట్రం నుంచో వచ్చిన రైతులు, కూలీలు. ఊళ్లో వాళ్లకు ఇల్లుంది, పేరుంది. ఇక్కడ వారం పది రోజులు ఫుట్‌పాత్ మీద గడుపుతున్నారు, అంతే. చేయి చాపడం వాళ్లకు తెలియదు. అందుకే మాట ముందు రావాలి, వస్తువు తర్వాత. "పెద్దమ్మా, ఏ ఊరు? ఎవరికి బాగాలేదు?" అని పక్కన కూర్చుని అడగండి. ఏం కావాలో ఐదు నిమిషాల్లో వాళ్లే చెబుతారు.

మా అనుభవంలో ఎక్కువగా అడిగినవి వేణ్నీళ్లు, ఫోన్ ఛార్జింగ్, లోపల ఏ బ్లాకు ఎక్కడో చెప్పే మనిషి, బయట కొనాల్సిన మందుకు డబ్బు. నాలుగు పెద్ద ఫ్లాస్కులు, రెండు పవర్ బ్యాంకులు పట్టుకుని రాత్రి తొమ్మిదికి వెళ్తే నలభై రగ్గుల కంటే ఎక్కువ పని జరుగుతుంది. మందు కొనాలంటే డబ్బు చేతికివ్వకుండా చీటీ తీసుకుని మీరే మెడికల్ షాపుకు వెళ్లండి, బిల్లుతో సహా ఇచ్చేయండి. అనుమానంతో చెప్పడం లేదు. కొత్త ఊళ్లో, రాత్రిపూట, ఆ డబ్బు వాళ్ల దగ్గర నుంచి లాక్కునేవాళ్లు ఉంటారని చెబుతున్నాను.

భోజనం పెట్టాలనుకుంటే ముందు ఆ పరిసరాల్లో 5 రూపాయల భోజనం దొరుకుతోందేమో చూడండి. 2014 నుంచి జీహెచ్‌ఎంసీ క్యాంటీన్లు ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం చాలాచోట్ల దొరుకుతుంది, కరువు రాత్రి పూటే. విందులో మిగిలింది తీసుకెళ్లాలంటే ఆ రాత్రే, వేడి మీదే తీసుకెళ్లండి. రాత్రి మిగిలిన బిర్యానీ మర్నాడు పొద్దున పంచితే కడుపు నొప్పులు పంచినట్టే. ఇంకోమాట. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజహర్ మక్సూసీ 2012 నుంచి రోజూ అన్నం పెడుతున్నారు. ఒకే చోట, ఒకే వేళకు. ఆకలిగా ఉన్న మనిషికి అక్కడికి వెళ్తే దొరుకుతుందని ముందే తెలుసు. మీది నెలకు ఒక్క ఆదివారమైనా సరే, చోటూ టైమూ మార్చకండి.

పసిపిల్లలున్న చోట టోపీలు, సాక్సులు, మెత్తటి నూలు గుడ్డలు బాగా పనికొస్తాయి. పాలపిండి డబ్బాలు, పాలసీసాలు మాత్రం తీసుకెళ్లొద్దు. తల్లిపాలు దెబ్బతినకూడదని 1992లో చేసిన చట్టం వాటిని ఇలా ఉచితంగా పంచడాన్ని నిషేధించింది, అనాథాశ్రమాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఇది తెలియక మేమూ ఒకసారి డజను డబ్బాలు కొని, నర్సమ్మ చీవాట్లు తిని వెనక్కి తెచ్చుకున్నాం.

డబ్బు లేకపోతే రక్తం

సంక్రాంతికి ఊరు ఖాళీ అయితే రక్తం ఇచ్చేవాళ్లు కూడా ఊళ్లో ఉండరు. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బున్న పిల్లలకు పండగలు తెలియవు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. వాళ్ల కోసమే పనిచేసే సొసైటీ నగరంలో రాజేంద్రనగర్ వైపు ఉంది. మీకు 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. జనవరి 10 నుంచి 18 మధ్య ఊళ్లోనే ఉంటారా? ముందు ఫోన్ చేసి ఆ రోజుల్లో రమ్మంటారేమో అడగండి. అక్టోబరులోనే ఇచ్చేసి ఉంటే లెక్క చూసుకోండి.

పిల్లల ఆశ్రమాలు

డిసెంబరు చివరి వారంలో ఆశ్రమాల్లో కేకులు ఎక్కువ, పిల్లల ఆకలి తక్కువ. ఒకే రోజు మూడు కేకులు కోసి, మూడుసార్లు చప్పట్లు కొట్టి అలసిపోయిన పిల్లల్ని చూశాను. వార్డెన్‌కు ఫోన్ చేసి "ఫిబ్రవరిలో మీకు ఏం తక్కువ పడుతుంది?" అని అడగండి. సబ్బులు, కొబ్బరినూనె, శానిటరీ ప్యాడ్లు, పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు గైడ్లు, నోట్సులు. ఇలాంటి జాబితా వస్తుంది. ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి, బాల న్యాయ చట్టం ప్రకారం ఉండి తీరాలి. పిల్లల ముఖాలు మీ స్టేటస్‌లో పెట్టకండి.

రసీదు సంగతి

ఇది త్వరగా ముగిస్తాను. 80జీ అని అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు వస్తుందని ఇస్తుంటే మూడు విషయాలు చూసుకోండి. 2,000 రూపాయలు దాటిన నగదుకు అది వర్తించదు, కాబట్టి చెక్కో యూపీఐయో వాడండి. రగ్గులు, బియ్యం లాంటి వస్తువులకు రాదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే అసలే రాదు. రసీదుతో సరిపెట్టుకోకుండా సంస్థ నుంచి పన్ను కోసం ఇచ్చే విరాళం సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో "నేనూ పంపిస్తా" అంటే ముందు పాస్‌పోర్టు ఏదో అడగండి. ఇంకా భారత పౌరులే అయితే వాళ్ల సొంత సంపాదన బ్యాంకు ద్వారా సంస్థకు పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి.

వాట్సాప్‌లో వచ్చే "పాపకు అర్జెంట్ ఆపరేషన్" క్యూఆర్ కోడ్‌కు కంగారుపడి కొట్టేయకండి. హాస్పిటల్ పేరు అడిగి, దాని నంబరు మీరే వెతికి ఫోన్ చేయండి. కేసు నిజమైతే డబ్బు నేరుగా ఆ పేషెంటు బిల్లుకు కట్టండి.

కొనడం కూడా ఇవ్వడమే

మెదక్ చర్చి చూశారా? 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో ఊరికే గింజలు పంచే బదులు కట్టడం పని పెట్టి, పనికి తిండి ఇచ్చారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రిస్మస్‌కు వెళ్తే ఆ మాట గుర్తు చేసుకుని తల పైకెత్తి చూడండి.

మనం చర్చి కట్టించలేం. సంక్రాంతి సకినాలు, అరిసెలు పెద్ద దుకాణంలో కాకుండా మీ వీధిలో ఇంట్లో చేసి అమ్మే ఆవిడ దగ్గర చెప్పొచ్చు. సగం డబ్బు ముందే ఇవ్వండి, బియ్యం, నువ్వులు కొనుక్కోవడానికి ఆమెకు అప్పు అవసరం ఉండదు. మీకే మంచి కంబళి కావాలంటే మన దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి కోసం చూడండి. నాంపల్లి నుమాయిష్‌లో చేనేత స్టాళ్ల దగ్గర బేరం కాస్త తగ్గించండి. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ రాబడితో కాలేజీలు నడుస్తున్నాయి, మీ టికెట్ డబ్బులో కొంత అటు వెళ్తుంది.

హరిదాసు మీ వీధికి వస్తే కిందికి దిగి వెళ్లండి. ఆయన నోరు తెరిచి అడగడు, కీర్తన పాడుతూ మోకాలు వంచుతాడు, బియ్యం మనమే నెత్తి మీది పాత్రలో వేయాలి. ఐదో అంతస్తు బాల్కనీ నుంచి ఫోన్‌పే కొడతానని అరవకండి. గంగిరెద్దుకు క్యూఆర్ కోడ్ కట్టుకున్నవాళ్లయితే మీ ఇష్టం.

చివరగా ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎక్కడికి వెళ్లారో, ఎవరు ఏం అడిగారో, ఏది మిగిలిపోయిందో ఆ రాత్రే రాసుకోండి, మర్నాటికి మర్చిపోతారు. వచ్చే నవంబరులో అంకె వేసుకునేటప్పుడు ముందు తెరవాల్సింది దాన్నే. మా పుస్తకంలో నిరుడు కనుమ నాటి పద్దు ఇది: ఫ్లాస్కులు నాలుగు, ఒకదాని మూత పోయింది. చాపలు పదకొండు చాలలేదు. రగ్గులు రెండు మిగిలాయి, ఉతికి అటక మీద పెట్టాం. వాచ్‌మన్ ఊరి నుంచి తిరిగొచ్చాడు, మాకు సంచెడు వేరుశనగకాయలు తెచ్చాడు.